సారా లేని కొట్టు: పదిమందీ కలిసి కాఫీ హోటల్ పెట్టాలంటే

పదిమంది కలిసి నడుపుకొనే కాఫీ హోటల్ పెడతామని ఎవరైనా సలహాకు వస్తే, బాయిలర్ ఎక్కడ కొనాలి, టీ మాస్టరుకు జీతం ఎంత అన్న ప్రశ్నలు తర్వాత అడగమంటాను. ముందు కొన్నాళ్ళు సాయంత్రం ఆరు గంటలకు మీ పేటంతా తిరిగి, ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో చూసి రమ్మంటాను. కావలిలో మా పేట సంగతి ఇది: కుర్రవాళ్ళు బళ్ళ మీద, నడివయసు మగవాళ్ళు టీ అంగడి ముందు, కొందరు మద్యం దుకాణం పక్క సందులో, పెద్దవాళ్ళు రామాలయం అరుగు మీద. ఆడవాళ్ళు ఎవరి గడప దగ్గర వాళ్ళు. రొయ్యల గుంటల్లో పనికి వచ్చిన బయటి ఊళ్ళవాళ్ళకు గడప కూడా లేదు. ఈ సంగతి తెలుసుకోకుండా పెట్టే హోటల్, ఉన్న టీ అంగళ్ళకు మరొకటి తోడవుతుంది, అంతే.

నేను 1991లో అక్షర దీపం అనే అక్షరాస్యతా ఉద్యమంలో వాలంటీరుని. పగలు ఇంటిపని, రాత్రి లాంతరు చుట్టూ పలకలు. ఆ చదువుల ఊపులోనే 1992లో మా జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అది ఊరూరా అంటుకుంది. సారా వేలం పాటలకు అధికారులు కూర్చుంటే ఆడవాళ్ళు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా పోయింది. మూయించినందుకు నాకు ఏనాడూ విచారం లేదు. అయితే కూలిపని ముగించుకొని వచ్చిన మనిషి మరో నలుగురి పక్కన కూర్చునే చోటు కూడా కొట్టుతోపాటే పోయింది. దాని బదులు ఏం పెడదామని ఎవరమూ అడగలేదు. ఆడవాళ్ళకైతే అలాంటి చోటు మొదటినుంచీ లేదు. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలగానే ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నవి బ్రాందీ షాపులే.

మందు అమ్మే చోటే అందరం కలిసి పెట్టుకోవచ్చు కదా అని మా కుర్రవాళ్ళు అడిగారు. అడగదగిన ప్రశ్నే. ఇంగ్లండులో కంబ్రియా ప్రాంతపు పల్లె హెస్కెట్ న్యూమార్కెట్‌లో ఓల్డ్ క్రౌన్ అనే పబ్బును 2003లో వందమందికి పైగా వాటాలు వేసుకొని కొన్నారు. ఎవరు ఎంత పెట్టినా ఓటు ఒక్కటే. అక్కడ పబ్బంటే పెళ్ళాం పిల్లలతో వెళ్ళి భోంచేసి వచ్చే చోటు. మన దగ్గర మద్యం దుకాణానికి ఆ పరువు లేదు, లైసెన్సు ఖర్చు మామూలు మనుషులు మోసేదీ కాదు. ఇక కల్లు అమ్మకం గీత కార్మికుల సహకార సంఘాలది. అది వాళ్ళ వృత్తి, వాళ్ళ బతుకు. బయటివాళ్ళం అందులో వేలు పెట్టడం న్యాయం కాదు. దూబగుంట ఉన్న జిల్లాలో ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చోవాలంటే పొయ్యి మీద మరిగేది కాఫీ, టీ మాత్రమే కావాలి. బయట కొన్న సీసా తెచ్చి లోపల తాగుతామంటే ఒప్పుకోకండి. లైసెన్సు లేని చోట తాగనిస్తే ఎక్సైజ్ కేసు సంఘం మెడకు చుట్టుకుంటుంది.

ఎవరిది ఈ హోటల్?

రెండు దారులున్నాయి. మొదటిది పనివాళ్ళదే యాజమాన్యం. 1950ల్లో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేస్తూ ఉద్యోగులను ఇంటికి పంపుతుంటే, కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ పూనికతో ఆ ఉద్యోగులే సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. 1957లో బెంగుళూరులో మొదటిది పుట్టింది. ఇండియన్ కాఫీ హౌస్ అంటే ఈనాటికీ అదే కథ. రెండోది తాగేవాళ్ళదే యాజమాన్యం, ఓల్డ్ క్రౌన్ లాగా. ఊరు సొంతదారు, రోజువారీ నడిపేవాళ్ళు వేరు.

మా పేటలో మేం పెట్టుకున్న హోటల్ రెంటికీ మధ్యది. సభ్యులు ఎక్కువమంది తాగేవాళ్ళే. మాస్టరు, సహాయకురాలు, గ్లాసులు కడిగే అమ్మ కూడా సభ్యులే. పాలకవర్గంలో పనివాళ్ళకు రెండు స్థానాలు, ఆడవాళ్ళకు సగం స్థానాలు నిబంధనల్లోనే రాసుకున్నాం. ఇది మంచితనం కోసం చేసింది కాదు. రోజూ పొయ్యి దగ్గర నిలబడే మనిషికి ఓటు లేకపోతే, టీ రేటు గురించి అరుగు మీద కూర్చున్నవాళ్ళు తీసుకున్న నిర్ణయం వంటింట్లో అమలు కాదు. ఒకసారి చక్కెర తగ్గించాలని తీర్మానం చేసి చూడండి, మాస్టరుకు ఇష్టం లేకపోతే చెంచా తగ్గదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి పనికి తగిన చట్టం 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ప్రభుత్వ వాటా ధనం ఉండదు, కాబట్టి పెత్తనమూ తక్కువ. నిబంధనావళి మనమే రాసుకోవచ్చు. కనీసం 10 మంది కావాలి, ఆ పదిమందీ వేర్వేరు కుటుంబాలవాళ్ళై ఉండాలి. అన్నదమ్ములు, వదినా మరదళ్ళు కలిసి పది తలలు లెక్క చూపడం కుదరదు. చాలా మంచి నియమం. దానికి నేను ఇంకొకటి కలుపుతాను: ఆ పదిమందీ ఒకే వీధివాళ్ళు కాకూడదు. మొదటి పదిమంది ఏ వీధివాళ్ళైతే హోటల్ ఆ వీధిదని పేరు పడుతుంది. తర్వాత ఎన్ని పోస్టర్లు అతికించినా ఆ పేరు చెరగదు. కాగితాలు జిల్లా సహకార కార్యాలయంలో ఇవ్వాలి. నిబంధనావళిని తెలుగులో రాయండి. ఇంగ్లీషులో ఉన్న నమూనా ఎవరో తెచ్చి సంతకాలు పెట్టమంటారు. చదవని కాగితం మీద వేలిముద్ర వేసే రోజులు పోవాలనే కదా అప్పట్లో పలకలు పట్టుకున్నాం.

వాటా ధర చిన్నదిగా ఉంచండి. మేం 500 పెట్టాం, నెలకు 50 చొప్పున కట్టవచ్చన్నాం. ఒకరు ఎన్ని వాటాలైనా కొనవచ్చు, ఓటు మాత్రం ఒక్కటే. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 28 మంది పనివాళ్ళు, వాళ్ళలో చాలామంది నేతగాళ్ళు, పిండి, వెన్న, చక్కెర, కొవ్వొత్తులు అమ్మే కొట్టు పెట్టుకొని పట్టుకున్న నియమం అదే. వెంకటగిరి మగ్గాలవాళ్ళకు ఇది చెబితే వెంటనే తలకెక్కుతుంది. పది వాటాలు కొన్న పెద్దమనిషికి మాత్రం తలకెక్కడానికి సమయం పడుతుంది. మరో నియమం కూడా పెట్టండి: నెలకు కనీసం నాలుగుసార్లైనా వచ్చి తాగినవాళ్ళకే ఆ ఏడాది ఓటు. ఎన్నికల రోజున మాత్రమే కనిపించే సభ్యుల బెడద దీనితో తీరుతుంది.

ఇతర కాగితాల గురించి క్లుప్తంగా. మునిసిపాలిటీ లేదా పంచాయతీ వ్యాపార లైసెన్సు, 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద రిజిస్ట్రేషన్, కార్మిక శాఖ దగ్గర దుకాణాల చట్టం కింద నమోదు, సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా. ఇంటి ఎర్ర సిలిండరు హోటల్‌లో వాడకూడదు, 19 కిలోల నీలం సిలిండరే వాడాలి. అద్దె ఒప్పందం సంఘం పేరున రాయించండి. గడువు ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి. ఖర్చని వెనుకాడకండి. హోటల్ బాగా నడుస్తోందని తెలిసిన మర్నాడే ఇంటి యజమానికి తన మేనల్లుడు గుర్తొస్తాడు.

గ్లాసు లెక్క

ఇక్కడ నిదానంగా చదవండి. పాలు లీటరు 60 రూపాయలు అనుకుందాం. అందులో నీళ్ళు, డికాక్షన్ కలిసి చిన్న గాజు గ్లాసులు 15 వస్తాయి. టీపొడి 16 రూపాయలు, చక్కెర 5, గ్యాసు 5. అన్నీ కలిపి 86. గ్లాసు 10 రూపాయలకు అమ్మితే 150 వస్తాయి, లీటరుకు మిగిలేది 64. ఇప్పుడు రోజు ఖర్చు చూడండి: మాస్టరుకు 600, సహాయకురాలికి 400, అద్దె రోజుకు 200, కరెంటుకు 50. మొత్తం 1,250. అంటే రోజుకు దాదాపు 20 లీటర్ల పాలు, 300 గ్లాసులు అమ్మితే తప్ప గట్టున పడం. గ్లాసులు కడిగే అమ్మ కూలి, విరిగిన గ్లాసులు, విరిగిన పాలు ఇంకా కలపనే లేదు. మీ ఊరి ధరలు వేసుకొని ఇదే లెక్క మీరూ చేయండి. అంకెలు మారతాయి, పద్ధతి మారదు.

మీకు 60 మంది సభ్యులుండి తలా రెండు గ్లాసులు తాగినా 120 దాటదు. మిగిలిన 180 గ్లాసులు దారిన పోయేవాళ్ళవి. సహకారం అన్న మాట వినగానే చాలామంది సభ్యులకు తక్కువ రేటు పెడదామంటారు. పెట్టకండి. సభ్యుడికి ఎనిమిది, కూలివాడికి పది అన్నారంటే ఎక్కువ సొమ్ము ఇస్తున్నది హోటల్‌ను నిలబెడుతున్న పరాయివాడే అవుతాడు. అందరికీ ఒకే రేటు. ఏడాది చివర ఏమైనా మిగిలితే ముందు నిల్వ నిధికి, ఆ తర్వాత పనివాళ్ళకు బోనసు, ఆ తర్వాతే సభ్యుల మాట.

టీ ఒక్కదాని మీద ఆధారపడకుండా పూటకు ఒకటి రెండు పలహారాలు చాలు. పొద్దున ఇడ్లీ, నెల్లూరు కారం దోసె. సాయంత్రం పునుగులో, మసాలా వడో. పట్టిక పెంచకండి. ఎనిమిది రకాలు చేసే చోట ఆరు రకాలు చల్లారిపోతాయి. గరిటెలు ఉదయగిరి చెక్కవి తెప్పించుకోండి, చెయ్యి కాలదు. ప్లాస్టిక్ కప్పు, కాగితం కప్పు వద్దు. గాజు గ్లాసే, అది కూడా అందరికీ ఒకే కొలత, ఒకే రకం.

గ్లాసు గురించి ఇంకా చెప్పాలి. మన వైపు రెండు గ్లాసుల పద్ధతి తెలియని పల్లె లేదు. దళితులకు వేరే గ్లాసు, వేరే చోటు, తాగి తామే కడిగిపెట్టాలి. రాజ్యాంగం 15వ అధికరణం అంగళ్ళలోకి, హోటళ్ళలోకి ప్రవేశం గురించి ప్రత్యేకంగా చెప్పింది ఊరికే కాదు. ఇప్పుడు ఆ పద్ధతి ఎక్కడా లేదని అంటారు. కాగితం కప్పు వచ్చాక కనిపించకుండా దాక్కుందని నేనంటాను. అందుకే గాజు గ్లాసు, ఒకే గంపలో కడగడం, ఒకే బల్ల. వంటకు, వడ్డనకు మనుషులను తీసుకునేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోండి. ఎవరు వండితే తాగనంటారో వాళ్ళు తాగకుండా వెళ్ళిపోవచ్చు. మా దగ్గర అలా వెళ్ళిన కొందరు కారం దోసె వాసనకు వెనక్కి వచ్చారు.

కూర్చునే ఏర్పాటు

ఆడవాళ్ళు రావడం లేదని బాధపడే ముందు మరుగుదొడ్డికి లోపలినుంచి గడియ పడుతుందో లేదో చూడండి. దాని పక్కన దీపం వెలుగుతుందా? నీళ్ళు ఉన్నాయా? బల్లలన్నీ రోడ్డు వైపు తిరిగి ఉంటే వచ్చేపోయే ప్రతి ఆడమనిషినీ పదిమంది కళ్ళు తూకం వేస్తాయి. బల్లలను ఎదురెదురుగా వేయండి. ఒక మూల పసిపిల్లకు పాలిచ్చే చోటు ఉండాలి, తెర ఒక్కటి చాలు. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాలు ఏ ఇంటి వరండాలోనో జరుగుతుంటాయి. వాటిని మధ్యాహ్నం మూడు గంటలకు హోటల్‌కు పిలవండి. ఆ వేళ మీకు బేరం లేదు, వాళ్ళకు ఇంటిపని లేదు. పాతికమంది కలిసి వస్తే ఒక్కరు రావడానికి ఉండే జంకు పోతుంది. మాకు పెద్ద మార్పు తెచ్చింది ఇదే. తర్వాత వాళ్ళలో కొందరు సమావేశం లేని రోజుల్లో కూడా వచ్చి కూర్చున్నారు. ఒకావిడ భర్త వచ్చి “ఇంట్లో టీ లేదా” అని అడిగితే, “ఉంది, పెట్టుకొని తాగు” అని చెప్పి తన గ్లాసు తాను పూర్తి చేసింది.

పొగ విషయంలో మొహమాటం వద్దు. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం దేశమంతటా నిషేధం. గుమ్మం దగ్గర 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పుతో బోర్డు పెట్టాలి. కందుకూరు, కొండపి వైపు పొగాకు రైతులు వస్తే కాస్త నవ్వుతారు, నవ్వనివ్వండి. పేకాట వద్దు, పందెం మెల్లగా దూరుతుంది. క్యారమ్స్, చదరంగం, అరుగు మీద గీసిన పులి-మేక బాగానే నడుస్తాయి. పత్రికలు తెప్పిస్తే రెండు పక్షాలవీ తెప్పించండి. ఒకటే తెప్పిస్తే ఆ పార్టీ హోటల్ అంటారు, అసలు తెప్పించకపోతే పెద్దవాళ్ళు రారు. రాజకీయం మాట్లాడుకోవచ్చు, ఫ్లెక్సీ మాత్రం కట్టకూడదు.

సమావేశం

సర్వసభ్య సమావేశం చట్ట ప్రకారం ఏడాదికి ఒకసారి సరిపోతుంది. హోటల్‌కు సరిపోదు. నెలకు ఒకటి పెట్టండి, ఆదివారం మూడు నాలుగు గంటల మధ్య. రాత్రి ఏడింటికి పెడితే ఆడవాళ్ళు పొయ్యి దగ్గర ఉంటారు, మగవాళ్ళు తీర్మానాలు చేసేస్తారు. ఏమేం చర్చిస్తామో మూడు రోజుల ముందే నల్లబల్ల మీద రాయాలి. బల్ల మీద లేనిది ఆ రోజు ఓటుకు రాకూడదు. ఈ ఒక్క కట్టుబాటుతో సగం తగాదాలు పోతాయి. మాట్లాడేవాళ్ళకు మూడు నిమిషాలు. రిటైరైన ఉపాధ్యాయులకు కూడా మూడే, మా ఆయన ఆ వృత్తిలోనే ఉన్నారు కాబట్టి అనుభవంతో చెబుతున్నాను.

చిన్న విషయాలకు చెయ్యెత్తితే చాలు. మనుషుల గురించి, జీతాల గురించి, ధర గురించి అయితే రహస్య ఓటు ఉండాలి. ఎందుకంటే వడ్డీకి అప్పిచ్చినవాడు ఎదురుగా కూర్చుంటే అప్పు తీసుకున్నవాడి చెయ్యి స్వతంత్రంగా లేవదు. చీటీలు రాయడం రానివాళ్ళు ఇంకా ఉన్నారు. అందుకు మేం ఒక చెంబు, రెండు రకాల గింజలు పెట్టుకున్నాం. ప్రతి ఒక్కరికీ ఒక చింతగింజ, ఒక శనగ ఇస్తాం. అవునంటే చింతగింజ, కాదంటే శనగ. పిడికిలి మూసి చెంబులో వేయాలి, మిగిలిన గింజ గోనెసంచిలో పడేసి వెళ్ళాలి. గుడ్డ కప్పిన చెంబును అందరి ముందూ బోర్లిస్తాం. పాల రేటు పెరిగినప్పుడు టీ 10 నుంచి 12 చేయాలా అన్న ఓటులో శనగలు గెలిచాయి. ధర పెంచకుండా గ్లాసు కొలత తగ్గించాలన్న మాట కూడా ఓడింది. చివరకు సాయంత్రం పలహారం మీద రెండు రూపాయలు వేసుకున్నాం. పాలకవర్గం గదిలో కూర్చొని తేల్చి ఉంటే ఈ మధ్యమార్గం తట్టేది కాదు. అది చెప్పింది రోజూ వడలు వేసే మనిషి.

ఓటుకు పెట్టకూడనివి కూడా ఉన్నాయి. పాలు ఎవరి దగ్గర కొనాలి, ఈ రోజు చట్నీ ఏమిటి, మాస్టరు సెలవు ఏ రోజు అన్నవి సభకు తెస్తే హోటల్ నడవదు. రోజు పని మాస్టరుది, వారం పని కార్యదర్శిది, డబ్బూ మనుషులూ సభవి. ఈ గీత మొదటి నెలలోనే గీసుకోండి. కార్యదర్శి వరుసగా రెండేళ్ళు మించి ఉండకూడదని కూడా రాయండి. మంచివాళ్ళు దొరికితే ఈ నియమం చేదుగా ఉంటుంది, అయినా ఉంచండి.

అప్పు, పెట్టె, ఫోను

కలిసి పెట్టిన హోటల్‌కు చక్కెర జబ్బులాంటిది అరువు ఖాతా పుస్తకం. పైకి ఏమీ తెలియదు, లోపల తినేస్తూ ఉంటుంది. సభ్యుడు కదా అని ఒకరికి అప్పిస్తే అందరూ సభ్యులే. అప్పు ఉన్నవాడు సమావేశానికి రాడు, వచ్చినా నోరెత్తడు. అందుకని అప్పు లేదు. అయితే పనిలేని రోజుల్లో కూలివాళ్ళ చేతిలో డబ్బుండదు, అది మనకు తెలుసు. దానికి ముందే చెల్లించిన టీలు పెట్టాం. డబ్బున్నవాళ్ళు ఒక గ్లాసు తాగి రెండింటికి ఇస్తే, గోడ మీది బల్లకు ఒక సుద్దగీత కలుస్తుంది. అవసరమైనవాళ్ళు గీత చెరిపి తాగుతారు. ఎవరు పెట్టారో, ఎవరు తాగారో రాయం.

రాత్రి పెట్టె లెక్క ఇద్దరు కలిసి చూడాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. ఆ రోజు వచ్చింది, పోయింది నల్లబల్ల మీద మర్నాడు సాయంత్రం దాకా ఉండాలి. దారిన పోయేవాడూ చదవవచ్చు. ఫోనులో డబ్బు తీసుకునే క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే అయి ఉండాలి. తాత్కాలికంగా ఎవరి ఫోనో పెట్టుకుందామంటారు, ఒక్క పూటకు కూడా ఒప్పుకోవద్దు. చెక్కుల మీద అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఎవరైనా ఇద్దరి సంతకాలు. ఏటా ఆడిట్ తప్పనిసరి. ఆడిటరు రుసుము మొదటి నెల నుంచే కొంచెం కొంచెం పక్కన పెట్టండి, మార్చిలో వెతుక్కోవద్దు.

పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను గ్లాసులు కడగడానికి పెట్టుకోవడం నేరం. “మా వాడే, సెలవుల్లో ఊరికే ఉన్నాడు” అని సభ్యులే తీసుకొస్తారు. కూర్చోబెట్టి ఒక పునుగుల పొట్లం ఇచ్చి పంపండి.

చివరిగా, సభ్యత్వ ఫారంలో నామినీ గడి ఖాళీగా వదలనివ్వకండి. ఫారం తీసుకున్న రోజునే, మీ ముందే రాయించండి. లేకపోతే 500 రూపాయల వాటా కోసం ఇద్దరు కొడుకులు దినం కర్మలు కాకముందే కార్యదర్శి ఇంటికి వస్తారు. మా ఇంటికి వచ్చారు, ఇద్దరికీ టీ పెట్టాల్సి వచ్చింది.